దాతకూ భయం ఉంటుంది

భిలాయిలో, అందులోనూ క్యాంప్ 2లో, సంపన్నుడంటే ఎవరు? ఇది తేల్చుకోకుండా స్వతంత్ర వేదికకు విరాళాలు అడుగుదామంటే చర్చ గాల్లోనే ఉండిపోతుంది.

1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక ఉక్కు కర్మాగారం కట్టడానికి వచ్చిన కూలీల కోసం వేసినవే ఈ క్యాంపులు. ఆ వచ్చినవాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బయలుదేరిన మనవాళ్ళు చాలామంది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పర్మినెంటు ఉద్యోగులకు సెక్టార్లలో క్వార్టర్లు దక్కాయి. క్యాంపులు మాత్రం పోలేదు, పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర బస్తీలై నిలిచాయి. సెక్టారులో మీటింగు పెట్టాలంటే సివిక్ సెంటర్‌లో కళామందిర్ ఉంది, సెక్టార్ 1లో నెహ్రూ సాంస్కృతిక భవనం ఉంది. రెండూ ప్లాంటువే. క్యాంపులో అయితే గుడి మండపం, బడి వరండా, లేదా ఎవరిదో ఒకరి డాబా.

ఇక డబ్బున్నవాళ్ళు. ప్లాంటులో పనులు తీసుకునే ఠేకేదార్లు, లారీల యజమానులు, రోలింగ్ మిల్లులు, ఫౌండ్రీలు నడిపేవాళ్ళు, నర్సింగ్ హోములు, కోచింగ్ సెంటర్లు పెట్టినవాళ్ళు. వినాయక చవితి పందిరికీ, గుడి ప్రహరీకీ, సంక్రాంతి ముగ్గుల పోటీకీ ఇచ్చేది వీళ్ళే. అడిగితే కాదనరు. ఆ ఔదార్యాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. కానీ ఠేకా కూలీకి కనీస వేతనం చేతికి అందుతోందా, వార్డులో మురుగుకాలువ డబ్బు ఎక్కడ ఖర్చయింది, గుడి హుండీ లెక్క ఎవరు చూస్తున్నారు అని ఎవరైనా నిలబడి అడగగలిగే వేదిక ఒకటి కావాలనుకోండి. నెలకోసారి సభ, తెలుగులోనూ హిందీలోనూ ఒక చిన్న పత్రిక, మాట్లాడినవాడికి నోటీసు వస్తే లాయరు ఖర్చు. ఇంతే. దీనికి ఆ చేతులే సాయం చేస్తాయా? చేస్తే మనం తీసుకోవచ్చా?

ఈ చర్చ ఎక్కడ వచ్చినా రెండు వాదనలే వినిపిస్తాయి. డబ్బున్నవాడి సొమ్ము ముట్టుకుంటే మాట అమ్ముడుపోయినట్టే అని ఒకటి. డబ్బు లేకుండా ఏ మాటా నిలవదు, ఎవరిచ్చినా తీసుకోవాలి అని రెండోది. మన తెలుగువాళ్ళ నూటయాభై ఏళ్ళ అనుభవం చూస్తే రెండూ సగం నిజాలే. దాత పెత్తనం గురించి అందరూ మాట్లాడతారు. దాత భయం గురించి దాదాపు ఎవరూ మాట్లాడరు. చాలా వేదికలను కూల్చింది ఆ భయమే అని నా నమ్మకం.

విజయనగరంతో మొదలుపెడదాం. క్యాంపులో చాలా ఇళ్ళకు అది తాతల ఊరు కూడా. గురజాడ అప్పారావు మహారాజు ఆనందగజపతి ఆస్థానంలో ఉద్యోగి. డబ్బుకు ఆడపిల్లలను ముసలివాళ్ళకు కట్టబెట్టే ఆచారం మీద మహారాజు వివరాలు సేకరింపజేశారు. ఆ నేపథ్యంలోనే కన్యాశుల్కం పుట్టింది, 1892లో ప్రదర్శనకు వచ్చింది, 1897లో అచ్చయింది. సంపన్నుడి అండతో ఇంత పదునైన రచన వచ్చిందంటే ఆ అండను తప్పుపట్టలేం. అయితే ఒకటి గమనించాలి. ఆ నాటకం బోను ఎక్కించింది కన్యాశుల్కం పుచ్చుకునే కుటుంబాలను, కపట సంస్కర్తలను, వకీళ్ళను, పూటకూళ్ళ లోకాన్ని. జమీందారీ శిస్తు దాని విషయం కాదు. పోషకుడు ఇతరుల మీద విమర్శను సంతోషంగా భరిస్తాడు. తన మీదికి వచ్చినప్పుడే అసలు పరీక్ష. ఆ పరీక్ష విజయనగరంలో రాలేదు.

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పెట్టారు. లంచగొండి అధికారుల పేర్లు బయటపెట్టి ఊరంతటితో గొడవ తెచ్చుకున్నారు. 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం జరిపినప్పుడు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బిచ్చి ఆదుకున్నారు. ఆ వర్తకుడి వెలి భయం చిన్నది కాదు. కులం, వ్యాపారం, బంధుత్వం అన్నీ పణంగా పెట్టిన దానం అది. మన చరిత్రలో ఇలాంటి దాతలను వెతికి చెప్పుకోవాలి. దురదృష్టవశాత్తూ సంస్కర్త పేరు పక్కన వాళ్ళ పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది.

అసలు నిలబడి చూడవలసిన మనిషి కాశీనాథుని నాగేశ్వరరావు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ లాభాలతో 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు, 1924లో భారతి మాసపత్రిక ప్రారంభించారు. ఆయన ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళినా పత్రిక ఆగలేదు. ఇందులో దాత, సంపాదకుడు, ఉద్యమకారుడు ఒక్కరే కాబట్టి ఇది దానం కథ కాదు అనవచ్చు. కానీ నాకు ఇందులో వేరే పాఠం కనిపిస్తుంది. ఆయన సంపద ఎక్కడినుంచి వచ్చింది? తలనొప్పి వచ్చిన ప్రతి ఇంటి నుంచి, అణాల లెక్కన వచ్చింది. కలెక్టరు సంతకంతో వచ్చింది కాదు, రైల్వే కాంట్రాక్టుతో వచ్చింది కాదు. ప్రభుత్వం ప్రెస్సు చట్టం కింద పత్రికను వేధించగలదు గానీ జనం అమృతాంజనం కొనడం మాన్పించలేదు. ఒక్క చేతి మీద ఆధారపడని సంపదకు ఒక్క చెయ్యి చూసి వణకవలసిన అవసరం తక్కువ. దాతను ఎంచుకునేటప్పుడు ఆయన ఎంత ఉన్నవాడు అన్నదానికన్నా, ఆ ఉన్నది ఎవరి దయ మీద నిలిచింది అన్నది ముందు చూడాలి. భిలాయిలో మనకు ఎదురయ్యే చిక్కంతా ఇక్కడే ఉంది. ఊళ్ళో పెద్ద డబ్బులో ఎక్కువ భాగం టెండరు, లైసెన్సు, బిల్లు పాసు కావడం అనే మూడింటి మీద నడుస్తుంది.

పత్రికా స్వేచ్ఛకు డబ్బు అవసరం కాగితానికీ సిరాకూ మాత్రమే అనుకోవడం కూడా పొరపాటే. 1908లో విజయవాడ నుంచి స్వరాజ్య పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్ళారు, పత్రిక ఆగిపోయింది. 1910 ప్రెస్సు చట్టం వచ్చాక పత్రికలు ప్రభుత్వం దగ్గర ధరావతు కట్టాల్సి వచ్చింది. రాసింది నచ్చకపోతే ఆ సొమ్ము జప్తు. అంటే మాటకయ్యే ఖర్చులో పెద్ద వాటా శిక్ష ఖర్చు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

నిజాం రాజ్యంలో కథ ఇంకా కఠినం. సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించారు. కొత్వాలు రాజబహదూర్ వెంకటరామారెడ్డి వంటి పెద్దల అండ ఆయనకు ఉంది. కొత్వాలు అంటే నగర పోలీసు అధిపతి. అంత పెద్ద ప్రభుత్వ పదవిలో ఉన్న మనిషి ఆదరణలో పత్రిక నడుపుతూ ప్రజల కష్టాలు రాయడానికి ఎంత ఒడుపు కావాలో ఆలోచించండి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చింది ఆ పత్రికే. భాష, చరిత్ర, సంస్కరణ అనే దారుల గుండా చెప్పగలిగినంత చెప్పింది. దాతకు ఇబ్బంది కలగకుండా ఎంత దూరం వెళ్ళవచ్చో అంత దూరం వెళ్ళింది.

ఆ హద్దు దాటితే ఏమవుతుందో పాత్రికేయుడు షోయబుల్లాఖాన్ కథ చెబుతుంది. ఆయన పనిచేసిన తేజ్ పత్రిక మూతపడింది. మందుముల నరసింగరావు నడిపిన రయ్యత్‌లో చేరితే దాన్నీ మూయించారు. బూర్గుల రామకృష్ణారావు వంటివారి సాయంతో 1947లో ఇమ్రోజ్ పెట్టాడు. హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలని ఉర్దూలో రాసిన ఆ యువకుణ్ణి 1948 ఆగస్టులో నడివీధిలో చంపారు. ఇక్కడ దాతలు భయపడలేదు. తమ పత్రిక పోయినా ఇంకొకడి పత్రికకు చెయ్యందించారు. అయినా మాట్లాడిన మనిషి ప్రాణాన్ని డబ్బు కాపాడలేకపోయింది. సంపన్నుల సాయం గురించి ఆశపడేటప్పుడు ఈ హద్దును కూడా మనసులో ఉంచుకోవాలి.

స్వాతంత్ర్యం దగ్గరపడ్డాక పోషకుడి స్థానంలో పెట్టుబడిదారుడు వచ్చాడు. 1938లో రామ్‌నాథ్ గోయెంకా ఆంధ్రప్రభ తెచ్చారు. చాలా ఏళ్ళు దానికి సంపాదకుడైన నార్ల వెంకటేశ్వరరావు 1959లో బయటికి వచ్చి, మరుసటి ఏడు పారిశ్రామికవేత్త కె.ఎల్.ఎన్. ప్రసాద్ పెట్టుబడితో ఆంధ్రజ్యోతిని నిలబెట్టారు. తెలుగు పత్రికల్లో అంత బలమైన కలం ఉన్న సంపాదకుడికి కూడా ఒక ధనవంతుడి ఇల్లు వదిలితే ఇంకో ధనవంతుడి ఇల్లే గతి అయింది. 1984లో సినిమా డబ్బుతో దాసరి నారాయణరావు ఉదయం ప్రారంభించారు, ఏబీకే ప్రసాద్ సంపాదకులు. తరువాత అది మద్యం వ్యాపారంతో సంబంధమున్న మాగుంట కుటుంబం చేతికి వెళ్ళింది. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది కూడా ఆ రోజుల్లోనే. 1995లో పత్రిక మూతపడింది. మంచి విలేకరులు ఎందరో అందులో పనిచేశారు. వాళ్ళ నిజాయితీని శంకించడానికి ఈ మాట చెప్పడం లేదు. యజమాని వ్యాపారం వార్తకు ఎదురుగా నిలబడే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, ఆ రోజుకు నియమం ముందే రాసి ఉండాలి అని చెప్పడానికి చెబుతున్నాను.

యజమాని పక్క వ్యాపారం గురించి ఇంకో ఉదాహరణ. ఈనాడు 1974లో విశాఖపట్నంలో మొదలైంది. దాని యజమాని రామోజీరావు అంతకుముందే, 1962లో, మార్గదర్శి చిట్‌ఫండ్ స్థాపించి ఉన్నారు. 2006లో మార్గదర్శి ఫైనాన్షియర్స్ డిపాజిట్ల మీద అప్పటి రాష్ట్ర ప్రభుత్వం చర్యలకు దిగింది. చట్టం ఉల్లంఘించారు కాబట్టి అని ఒక పక్షం అంది, పత్రిక రాతలకు కక్ష అని రెండో పక్షం అంది. ఏ పక్షం సరైనదైనా మనకు అందే సంగతి ఒకటే. మాట మీద దెబ్బ వేయాలనుకున్నవాడు ముందు దాని వెనకున్న తిజోరీ వైపు చూస్తాడు అన్న అనుమానం జనంలో నాటుకుపోయింది. ఆ అనుమానమే కొత్త దాతలను ఇంటి గడప దాటనివ్వదు.

జనం చందాలతో నడిచినవి కూడా ఉన్నాయి. కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రజాశక్తి నిషేధానికి గురైన తరువాత, 1952 జూన్‌లో విశాలాంధ్ర దినపత్రిక ప్రజల విరాళాలతో విజయవాడలో వెలిసింది. నగలు, పొలాలు ఇచ్చిన కుటుంబాలు ఆ ఉద్యమంలో చాలా ఉన్నాయి. గొప్ప త్యాగమే. కానీ చందా ఎందరిచ్చినా పత్రిక తాళంచెవి పార్టీ దగ్గర ఉంటే, పార్టీని ప్రశ్నించే మాటకు అందులో చోటు ఇరుకే. చిన్న మొత్తాలతో నడిస్తే చాలు స్వతంత్రం వచ్చేస్తుందన్న నమ్మకం నాకు లేదు.

మన చుట్టుపక్కల చూద్దాం. ఛత్తీస్‌గఢ్‌లో ఈ ప్రశ్నకు రెండు భిన్నమైన జవాబులు దొరుకుతాయి.

ఒకటి, కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి దారి. భిలాయి ప్లాంటుకు ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనుల్లో 1977లో ఠేకా కార్మికుల సంఘం పుట్టింది. ఆ ఏడు జూన్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన కార్మికుల జ్ఞాపకంగా 1983 జూన్ 3న షహీద్ ఆసుపత్రి తెరిచారు. ఇటుక మోసింది కార్మికులు, చందా వేసింది కార్మికులు. సంఘర్షణ, నిర్మాణం అనే రెండు మాటలు నియోగి ఎప్పుడూ కలిపే వాడేవారు. సొంత డబ్బుతో కట్టుకున్నది మాత్రమే సొంత గొంతుకు నీడ ఇస్తుందని ఆ సంఘం అనుభవంతో తెలుసుకుంది. ఆయన 1990లో భిలాయి ప్రైవేటు పరిశ్రమల్లోని ఠేకా కూలీల వైపు తిరిగారు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున నిద్రలో ఉండగా ఆయన్ని కాల్చి చంపారు. 1992 జూలై 1న పవర్‌హౌస్ స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు, పదిహేను మందికి పైగా చనిపోయారు. ఆ స్టేషను క్యాంప్ 2 నుంచి నడిచి వెళ్ళే దూరం. ఈ ఊళ్ళో స్వేచ్ఛగా మాట్లాడటం అన్నది పుస్తకాల సంగతి కాదు.

రెండోది, సీజీనెట్ స్వర. బీబీసీలో పనిచేసిన శుభ్రాంశు చౌధరి 2010లో దీన్ని మొదలుపెట్టారు. అడవి పల్లెల్లో పత్రిక చేరదు, చేరినా గోండీలో ఉండదు. కాబట్టి చేతిలో ఉన్న మామూలు ఫోనునే వేదిక చేశారు. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే అటునుంచి తిరిగి ఫోన్ వస్తుంది, మనిషి తన గోడు చెబుతాడు, మోడరేటర్లు సరిచూసి అందరికీ వినిపిస్తారు. కూలి డబ్బు అందలేదని, టీచరు రావడం లేదని, చేతిపంపు పాడైందని జనం చెప్పారు. తరచూ అధికారులు కదిలారు కూడా. మిస్డ్ కాల్ ఇచ్చినవాడికి ఖర్చు లేదు గదా, మరి ఆ తిరిగి చేసే ఫోను బిల్లు ఎవరు కడతారు? అంతర్జాతీయ నైట్ ఫెలోషిప్, మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగం, ఐక్యరాజ్యసమితి ప్రజాస్వామ్య నిధి వంటి పెద్ద చేతులు వెనక నిలబడ్డాయి. 2014లో ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ పురస్కారం వచ్చింది. అత్యంత పేదవాడు నయాపైసా ఖర్చు లేకుండా మాట్లాడాలంటే ఎక్కడో ఒక సంపన్న చెయ్యి బిల్లు కట్టక తప్పదని దీన్ని చూస్తే అర్థమవుతుంది. దూరపు దాతకు ఒక మేలు ఉంది. బస్తర్ కలెక్టరు గానీ ఠేకేదారు గానీ ఆయన్ని భయపెట్టలేరు. ఒక కీడూ ఉంది. గ్రాంటు గడువు ముగిస్తే ఆయనకు బస్తర్ గుర్తుండాలని లేదు.

వెనక ఎవరూ లేని మనిషి సంగతి ముకేశ్ చంద్రాకర్ కథ చెబుతుంది. బీజాపూర్ విలేకరి, బస్తర్ జంక్షన్ అనే యూట్యూబ్ ఛానల్ నడిపేవాడు. నాసిరకం రోడ్డు పని గురించిన వార్త తరువాత 2025 జనవరి 1న కనిపించకుండా పోయాడు. మూడో తేదీన ఒక ఠేకేదారుకు చెందిన ఆవరణలో, సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. ప్రధాన నిందితుడిగా పోలీసులు పేర్కొన్న ఠేకేదారు హైదరాబాదులో పట్టుబడ్డాడు. చిన్న పట్టణాల్లో చాలామంది విలేకరులకు జీతం ఉండదు, తెచ్చిన ప్రకటనల మీద కమిషనే ఆధారం. ఆ ప్రకటనలు ఇచ్చేది మళ్ళీ ఠేకేదార్లే. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి కదా.

తెంచడానికి దేశంలో జరిగిన పెద్ద ప్రయత్నం 2015లో బెంగళూరులో పుట్టిన స్వతంత్ర, ప్రజాహిత మీడియా ఫౌండేషన్. అజీమ్ ప్రేమ్‌జీ, రోహిణి నీలేకని వంటి సంపన్నులు డబ్బును ఒక ఉమ్మడి నిధిలో వేస్తే, ది వైర్ వంటి వార్తా సంస్థలకు అందులోంచి గ్రాంటు వెళ్ళింది. ఇచ్చేవాడికీ రాసేవాడికీ మధ్య ఒక గోడ ఉండటం మంచి ఏర్పాటే. 2022 సెప్టెంబరులో ఆదాయపు పన్ను అధికారులు ఆ ఫౌండేషన్ కార్యాలయానికి వచ్చారు. గోడ రాతను దాత నుంచి కాపాడింది గానీ దాతను ప్రభుత్వం నుంచి కాపాడలేదు. అంతకుముందు వార్తా వెబ్‌సైట్‌గా నడిచిన తెహల్కా కథ ఇంకా బాధాకరం. 2001 మార్చిలో రక్షణ కొనుగోళ్ళ అవినీతిని రహస్య కెమెరాలతో బయటపెట్టిన తరువాత అందులో పెట్టుబడి పెట్టిన ఫస్ట్ గ్లోబల్ సంస్థ ఏళ్ళ తరబడి దాడులు, కేసులు ఎదుర్కొంది. ఆ సంస్థను నడిపిన దంపతులు వార్తలో ఒక్క అక్షరం రాయలేదు. 2004లో తెహల్కా వారపత్రికగా తిరిగి వచ్చినప్పుడు ఒక్కొక్కరు లక్ష రూపాయలిచ్చిన వ్యవస్థాపక చందాదారులు అండగా నిలిచారు. ఒక్క దాత స్థానంలో గుంపును తెచ్చుకోవడం ఆ దెబ్బ నేర్పిన పనే.

విదేశీ డబ్బు దారి ఇంకా ఇరుకు. 2010 విదేశీ విరాళాల చట్టం వార్తాపత్రికల సంపాదకులు, యజమానులు, ప్రచురణకర్తలు అలాంటి సొమ్ము తీసుకోకూడదంటుంది. 2020 సవరణ మిగతా సంస్థలకూ తాళాలు బిగించింది. 2023 అక్టోబరులో న్యూస్‌క్లిక్ కార్యాలయం మీద, విలేకరుల ఇళ్ళ మీద దాడులు జరిగాయి. విదేశీ నిధుల ఆరోపణ మీద వ్యవస్థాపకుడు ప్రబీర్ పుర్కాయస్థను కఠిన చట్టం కింద అరెస్టు చేశారు. ఆ అరెస్టు చెల్లదని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పి విడిపించింది. ఇక పెద్ద కంపెనీలు లాభాల్లోంచి తప్పనిసరిగా ఖర్చు చేయాల్సిన రెండు శాతం సామాజిక బాధ్యత నిధి సంగతి. ఏ పనులకు వాడవచ్చో చట్టం జాబితా ఇచ్చింది. చదువు, ఆరోగ్యం, క్రీడలు, కళలు ఉన్నాయి. పత్రికా రచన పేరు లేదు. పండవానీ గాయని తీజన్‌బాయికి ఉద్యోగమిచ్చి ఆదరించింది భిలాయి ప్లాంటే, అందుకు ఈ ఊరు గర్వపడాలి. భీముడి గద గురించి పాడటానికి కంపెనీ అండ దొరుకుతుంది. గేటు ముందు కూలి గురించి అడగడానికి ఆ అండను ఆశించలేం.

మన ఎన్నారైల మాట తీసేయలేం. అమెరికాలోని తానా నవలల పోటీ వల్లనే 1997లో చంద్రలత నవల రేగడి విత్తులు బహుమతి పొంది వెలుగులోకి వచ్చింది. వంగూరి ఫౌండేషన్ వంటివి అక్కడి నుంచి తెలుగు పుస్తకాలు వేస్తున్నాయి. సాహిత్యానికి ఇది బాగానే పనిచేసింది. వార్తకూ హక్కుల మాటకూ వచ్చేసరికి ఒక చట్టపు గీత ఉంది. భారత పౌరసత్వం ఉంచుకుని విదేశంలో పనిచేసే వ్యక్తి తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్య ఇస్తే అది విదేశీ విరాళమే. ఒకే ఇంట్లో తమ్ముడి సొమ్ము చెల్లుతుంది, అన్నగారి సొమ్ము చెల్లదు. ఇది తెలియక ప్రేమతో పంపిన డాలర్లే రేపు కేసు కాగితమవుతాయి.

దాత తన పెత్తనాన్ని తనే వదులుకున్న ఉదాహరణ కావాలంటే ఇంగ్లండు వైపు చూడాలి. 1936లో జాన్ స్కాట్ తన కుటుంబానికి చెందిన గార్డియన్ పత్రికను ఒక ట్రస్టుకు అప్పగించి, లాభంలో వాటా కూడా వద్దనుకున్నారు. దానికి ఎదురు ఉదాహరణ వాషింగ్టన్ పోస్ట్. జెఫ్ బెజోస్ 2013లో కొన్నాక చాలా ఏళ్ళు బాగానే నడిచింది. 2024 అక్టోబరులో అధ్యక్ష ఎన్నికల్లో ఎవరికీ మద్దతు ప్రకటించకూడదని యాజమాన్యం నిర్ణయించాక రెండున్నర లక్షల మందికి పైగా చందాలు రద్దు చేసుకున్నారు. ప్రపంచంలోకెల్లా ధనవంతుల్లో ఒకడైనా ఆయన మిగతా వ్యాపారాలకు ప్రభుత్వ కాంట్రాక్టులు ఉన్నాయి. మా క్యాంపు ఠేకేదారు ఇరకాటం, ఆయన ఇరకాటం ఒకే జాతివి.

కాబట్టి ఇక్కడ మనం ఏం చేయాలి? సంపన్నుణ్ణి అడగాలి అనే నేను అంటాను. కానీ ఎవరిని, దేనికి అన్నవి విడదీయాలి. ప్లాంటు బిల్లు మీద బతికే వ్యాపారిని సభా వేదికకు అడగడం అతన్ని ఇబ్బందిపెట్టడమే. అతని దగ్గర గుడి పందిరికి తీసుకుందాం, గౌరవిద్దాం, ఇక్కడ వదిలేద్దాం. రిటైరైన ఉద్యోగుల దగ్గరికి వెళ్ళాలి. గ్రాట్యుటీ చేతికొచ్చింది, పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడ్డారు, ఇక బదిలీ లేదు, ప్రమోషను లేదు, చార్జిషీటు లేదు. ఈ ఊళ్ళో భయం తగ్గిన సంపద ఏదైనా ఉంటే అది వాళ్ళదే. వాళ్ళలో కోటీశ్వరులు ఉండకపోవచ్చు. వాళ్ళ పిల్లల్లో లక్షల జీతగాళ్ళు బోలెడంతమంది.

పెద్ద విరాళాన్ని ఒకసారి పెట్టే ఖర్చుకే వాడాలి. గది అడ్వాన్సు, మైకు, కంప్యూటరు, లాయరు నిధి. నెలనెలా అయ్యే అద్దె, అచ్చు, పనిచేసేవాడి జీతం చిన్న చందాలోంచే రావాలి. 500 ఇళ్ళు నెలకు 100 రూపాయలిస్తే 50,000. ఏడాదికి 6 లక్షలు. క్యాంపు, సెక్టార్లు కలిపితే 500 తెలుగు ఇళ్ళు దొరకడం కష్టం కాదు. పెద్ద దాత అలిగి వెళ్ళిపోయినా మరుసటి నెల సభ ఆగకూడదన్నదే ఇందులో లెక్క. ఏ ఒక్కరి విరాళమూ ఏడాది రాబడిలో పదో వంతు దాటకూడదు. సంపాదకుణ్ణి ఎవరు నియమిస్తారు, ఎవరు తీసేయగలరు అన్నది మొదటి రూపాయి పుచ్చుకునే ముందే కాగితం మీద ఉండాలి. విశాలాంధ్ర అనుభవం గుర్తుంచుకుని ఆ అధికారాన్ని ఏ సంఘం కమిటీకీ, ఏ పార్టీ శాఖకూ, ఏ కులపెద్దలకూ ఇవ్వకూడదు. చందాదారులే ఏటా ఎన్నుకోవాలి.

అన్నిటికన్నా కష్టమైనది దాతల పేర్ల సంగతి. పేర్లు బయటపెడితే దాత భయపడతాడు. దాచిపెడితే జనం అనుమానిస్తారు. పైగా ట్రస్టుకు వచ్చే గుప్త విరాళాలు ఒక హద్దు దాటితే పన్ను కూడా భారీగానే పడుతుంది. పేరు దాచడమే దాతకు రక్షణ అని వాదించేవాళ్ళు ఉన్నారు. నాకు ఒప్పుదల కాదు. ఫస్ట్ గ్లోబల్ దెబ్బతిన్నది పేరు బయటపడినందుకు కాదు, ఆ పేరు ఒంటరిగా ఉన్నందుకు. పవర్‌హౌస్ మార్కెట్లో నోటీసు బోర్డు మీద ఒక్క దాత పేరు కనిపిస్తే రేపు అతనికి ఫోను వస్తుంది. అదే బోర్డు మీద వంద రూపాయలిచ్చిన బడ్డీకొట్టు అప్పారావు నుంచి పెద్ద మొత్తం ఇచ్చిన రిటైర్డ్ ఫోర్‌మన్ వరకు 500 పేర్లు అక్షర క్రమంలో, పెద్దా చిన్నా తేడా లేకుండా ఉంటే ఎవరికని ఫోను చేస్తారు? చిన్న చందా విలువ దాని రూపాయల్లో ఉన్నదానికన్నా, పెద్ద దాతకు అది ఇచ్చే ఆసరాలో ఎక్కువ ఉంది. అందుకే చిన్నవాళ్ళ జాబితా పూర్తయ్యాకే పెద్దవాళ్ళ గుమ్మం ఎక్కాలి. మనం మామూలుగా చేసేది దీనికి తలకిందులు. ముందు పెద్దాయన దగ్గరికి వెళ్ళి మొదటి రసీదు ఆయనతో రాయించి, ఆ అంకె చూపించి మిగతావాళ్ళను అడుగుతాం.

జాబితా తయారై, పెద్ద విరాళం ఒకటి వచ్చిందనుకుందాం. హాలు కట్టాలని అందరికీ ఉంటుంది, దాతకూ శిలాఫలకం మీద మమకారం ఉంటుంది. నా ఓటు లాయరు నిధికి. 2017లో ది వైర్ మీద ఒక్క కథనానికి 100 కోట్ల పరువునష్టం దావా పడింది. మన స్థాయిలో దావా అంత ఉండదు, దుర్గ్ కోర్టుకు నెలకో వాయిదా ఉంటుంది, అంతే. ఆ వాయిదాకు వెళ్ళే రోజు ఠేకా కూలీకి కూలి పోతుంది, ఆటో ఖర్చు, జెరాక్సులు, లాయరు ఫీజు తోడవుతాయి. అలాంటివాళ్ళు నలుగురు రెండేళ్ళు తిరగడానికి ఎంతవుతుందో ముందు దుర్గ్‌లో ఇద్దరు లాయర్లను అడిగి రాసుకోవాలి. ఆ అంకెతోనే దాత దగ్గరికి వెళ్ళాలి. సభ ఎక్కడ పెట్టాలంటారా, అప్పటిదాకా డాబాలు ఉన్నాయి.